మీ ఆయన ఏ దారిన పోతాడు?

ఇది జరిగిన రోజుల్లోనే రాయాలని ఉండేది, కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. ఆడపిల్లకు బడెందుకని మా నాయన నన్ను పత్తి చేనికి పంపినాడు. నలభై దాటినాక, పొదుపు సంఘంలో అందరూ సంతకం పెడుతుంటే నేనొక్కదాన్నే బొటనవేలు చాపడం సిగ్గనిపించి, పలక పట్టినాను. ('అ'కు అన్ని వంకర్లు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.) ఇప్పుడు రాయగలను కాబట్టి, ప్రశ్నలమ్మ పుణ్యాన నా పైప్రాణాలు పైనే పోయిన రోజు గురించి చెప్తాను.

ప్రశ్నలమ్మ అసలు పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఏదో చలిదేశం నుంచి వచ్చి, నంద్యాలలో మేముండే వీధిలో మిద్దెమీద గది తీసుకుంది. మసీదు, గుడి, చర్చి ఒక్క వీధిలోనే పెట్టుకున్న మనుషులు దినాం ఎట్లా బతుకుతారో చూసి, పెద్ద చదువు పూర్తి చేయాలట. (బతకడం కూడా ఒక చదువేనని నాకు అప్పుడే తెలిసింది.) నాకు కొత్తగా పెళ్లయింది. ఆమెకు వంట చేసేదాన్ని, ఆమె పుస్తకాల తెలుగును మా తెలుగులోకి తిప్పి అడిగేదాన్ని. ఏ ఇంటికి పోయినా అవే ప్రశ్నలు. మీ ఆయన పొద్దున ఎన్నింటికి పోతాడు, ఏ దారిన పోతాడు, ఎవరితో పోతాడు, ఎప్పుడొస్తాడు? పక్కింట్లో పరుపులు కుట్టే బూబక్క నవ్వి, "పోయేది నాకు తెలుసు, వచ్చేది ఆ అల్లాకే తెలియాల. ఈ పిల్లకు తెలిస్తే నాకూ చెప్పమను" అనింది.

కొన్నాళ్లకు ప్రశ్నలమ్మ పల్లె రైతుల ఇండ్లు కూడా చూడాలనింది. ఆళ్లగడ్డ అవతల పల్లెలో ఒక పెద్ద రైతు ఇంట్లో మా మేనత్త పనిచేసేది. బస్సు దిగి, ఆటో ఎక్కి ఆడికి పోయినాం. ఆ ఇంటికి ఇనుప గేటు, గేటు దగ్గర నలుగురు మగాళ్లు. మా అత్త మమ్మల్ని లోపలికి పిలుచుకుపోయి ఆ ఇంటి అవ్వ ముందర కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చినారు. ప్రశ్నలమ్మ మోచేత్తో పొడిచింది. నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టినాను.

"అవ్వా, మీ కొడుకు పొద్దున ఎన్నింటికి బయటికి పోతాడు?"

అవ్వ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"ఏ దారిన పోతాడు? ఒక్కడే పోతాడా, తోడు ఎవరన్నా ఉంటారా?"

అప్పుడు మా అత్త ముఖం చూసినాను. సున్నం కొట్టినట్టు ఉంది. నేనేం అడుగుతాండానో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఇంటికి ఇంకో ఇంటితో పాత పగ. ఆ ఊర్లో ఒక మగాడు ఏ పొద్దున ఏ దారిన ఒంటరిగా పోతాడని ఆరా తీసేది, వాణ్ని నరకాలని కాచుకున్న వాళ్లే. బయట గేటు మూసిన చప్పుడు వినిపించింది.

గేటు దగ్గరి నలుగురిలో మీసాలాయన ఒకడు లోపలికి వచ్చినాడు. "ఏందీ ఇది? ఎవరు పంపినారు మిమ్మల్ని?"

తన తెలుగు చూపించే అవకాశం వచ్చిందని ప్రశ్నలమ్మకు ఒకటే సంతోషం. "మా గురువుగారు పంపించారు."

"యాడుంటాడు ఆ గురువు?"

"చాలా దూరం. ఆయనకు అన్నీ తెలియాలి."

మీసాలాయన నా వైపు తిరిగినాడు. "పిలుచుకొచ్చింది నువ్వు గదా, నువ్వు చెప్పు."

"అన్నా, నేను వంట... వంట..."

"ఏం వంట మే?"

"పప్పు." (ప్రాణం మీదికి వస్తే నోటికి ఏమొస్తుందో ఎవరు చెప్పగలరు?)

"నువ్వుండ్రా," అని అవ్వ ప్రశ్నలమ్మ వైపు వంగింది. "మే, నువ్వు చెప్పు. మీ నాయన ఎన్నింటికి పోతాడు?"

ప్రశ్నలమ్మ ముఖం వెలిగిపోయింది. అంతవరకు ఆమెను ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేదు. "ఏడు గంటలకు. సైకిల్ మీద."

"ఏ దారిన?"

"రోజూ ఒకటే దారి. ఏటి పక్కన."

"తోడు?"

"ఎవరూ లేరు. పాడుకుంటూ పోతారు."

అవ్వ మీసాలాయనను చూసింది. ఆయన తల దించుకున్నాడు. "మరి ఆయన ఇల్లు చేరేదాకా మీ అమ్మ ఏం చేస్తాది?" అనింది అవ్వ.

ప్రశ్నలమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏమీ చేయదు. ఆయన పోయేటప్పుడు నిద్రపోతుంటుంది."

"నిద్రపోతాదా!" అని అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ గురువుకు చెప్పు మే. నా కొడుకు ఏ దారిన పోతాడో నాకే తెలీదు. నాకు కూడా చెప్పడు. చెప్తే నా నోట్లోంచి ఎవరి చెవిన పడతాదోనని." తర్వాత మీసాలాయనతో, "గేటు తీయమను. తొందరగా పోనీ ఈ పిల్లల్ని, మళ్లీ ఆటో దొరకదు" అనింది.

ఆటోలో నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. "ఆ అన్నకు పప్పు ఇష్టమా?" అని అడిగింది ప్రశ్నలమ్మ.

మరుసటి రోజు పొద్దున వాకిలి ఊడుస్తుంటే మా ఆయన బాడుగకు పోవడానికి తన ఆటో తీసినాడు. "ఏ దారిన పోతాండావ్?" అన్నాను.

"ఎక్కినోళ్లు ఏ దారి చెప్తే ఆ దారి. ఎప్పుడూ లేంది, ఇప్పుడెందుకు?"

"ఊరికే," అని పోయి వెనక సీట్లో కూర్చున్నాను. "దిగు మే, ఇంకా బోణీ కాలేదు" అని ఆయన ఎంత మొత్తుకున్నా దిగలేదు. ఆ కొత్త పెళ్లికూతుర్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఆయనకు తోడుగా బస్టాండు దాకా పోయినాను. ఆడ దిగినాక గానీ చూసుకోలేదు, చేతిలో చీపురు అట్లే ఉంది.