రెండడుగులు పక్కకి

డోరీన్ మంగళవారం ఉజ్వలకి ఫోన్ చేసింది. భర్త వాల్ట్ పోయాడనీ, శనివారం చర్చి హాల్లో సంస్మరణ సభ అనీ చెప్పింది. రేసుల దగ్గర తీసిన అతని ఫోటో ఒకటి కావాలంది.

"వందలుంటాయి," అంది ఉజ్వల.

అన్నప్పుడు అది అబద్ధం కాదు.

ఉజ్వలకి నలభై ఎనిమిదేళ్లు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఉంటుంది. వారమంతా ఒక కంపెనీలో కార్ల సీటు బెల్టులు పరీక్షిస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం గంటకు పైగా డ్రైవ్ చేసి మట్టి ట్రాక్‌కి వెళ్తుంది. అక్కడ పాత కార్లు, తలుపులు వెల్డింగ్ చేసి, అద్దాలు పీకేసి, చుట్టూ పరుగెత్తుతాయి. నడిపేవాళ్లు ప్లంబర్లు, స్కూల్ బస్ డ్రైవర్లు. వాళ్లని ఫోటోలు తీయడం మొదలుపెట్టింది ఆమె తండ్రి చక్రపాణి. 1979లో ఫ్యాక్టరీలో తోటి ఇంజనీరు రమ్మంటే ఒక ఆదివారం వెళ్లాడు. తర్వాత మానలేదు. ఆయన మోకాళ్లు పోయాక కెమెరా ఉజ్వలకి వచ్చింది. ఇప్పుడు ఆమె కొడుకు ధృవ్ రెండో కెమెరాతో మూడో మలుపు దగ్గర నిలబడతాడు.

వాల్ట్ ఆ ట్రాక్‌లో టో ట్రక్ నడిపేవాడు. బోల్తాపడ్డ కార్లను లాగేవాడు.

చక్రపాణిది ఒక నియమం. కారు బోల్తా పడితే కెమెరా దించాలి. లోపలి మనిషి బయటికి వచ్చి, కారు తీసేదాకా ఎత్తకూడదు. మంచి నియమం. వాల్ట్ పనంతా ఆ దించిన కెమెరాల ముందే జరిగింది. ఈ సంగతి ఉజ్వలకి బుధవారం తెలిసింది.

తను తీసిన ఇరవై రెండేళ్ల ఫోటోలు వెతికింది. ఒక బూటు దొరికింది. ట్రక్ బంపర్ మీద ఒక చెయ్యి. గెలిచి కప్పు ఎత్తినవాడి భుజం వెనక టోపీ అంచు.

"నాన్నా, వాల్ట్ ఫోటో ఒక్కటి కూడా లేదు."

"ఎందుకుంటుందమ్మా? కప్పు గెలిచినోడి పక్కన టో ట్రక్ ఆయనకేం పని?" చక్రపాణి టీవీ మ్యూట్ చేశాడు. "తెనాలి ఫోటో స్టూడియోలో మా నాన్న, పక్క కుర్చీ కాలు పడినా నెగటివ్ ప్లేటు పారేసేవాడు. ఫ్రేమ్‌లో అక్కర్లేనిది ఉండకూడదు."

"ట్రాక్ దగ్గర ఒకసారి కారు నీ మీదికొస్తుంటే నిన్ను కంచె ఇవతలికి లాగింది ఆయనే."

చక్రపాణి టీవీ కట్టేశాడు.

"ప్రింట్లలో ఉండడు," అన్నాడు. "నెగటివ్‌లు చూడు."

బేస్‌మెంట్‌లో, 1984 అని రాసిన డబ్బాలో ఉన్నాడు. గెలిచినవాడు, భార్య, కప్పు, కుడి చివర వాల్ట్. ముప్పై ఏళ్లవాడు. చేతులు ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. నెగటివ్‌తో పాటు దాచిన చిన్న ప్రింటు మీద అతని భుజం పక్కగా ఎర్ర పెన్సిల్ గీత. దాని పక్కన తండ్రి చేతిరాత: ఇంతవరకే.

తండ్రి తీశాక కత్తిరించాడు. అందుకని నెగటివ్‌లో మనిషి మిగిలాడు. ఉజ్వల అలా చేయలేదు. కత్తిరించే పని లేకుండా తీసింది. గెలిచినవాళ్ల చుట్టూ అందరూ చేరినప్పుడు, బటన్ నొక్కేముందు, నవ్వుతూ, "వాల్ట్, రెండడుగులు పక్కకి" అనేది. అతను జరిగేవాడు. కొన్నాళ్లకి చెప్పకుండానే జరిగేవాడు.

ధృవ్ నెగటివ్‌ని స్కాన్ చేశాడు. కాసేపటికి ఫోన్ చాపాడు.

"అమ్మా, చూడు. వయసు పెంచి చూపే యాప్‌లో పెట్టాను. నెరిసిన గడ్డం కూడా వచ్చింది."

వాల్ట్‌లాగే ఉంది. ఉజ్వల ఫోన్ వెనక్కి తోసింది.

"తీసెయ్ రా."

"వై? డోరీన్ ఆంటీకి తెలీదు కదా."

"నాకు తెలుసు. తీసెయ్."

శనివారం కారులో ఒక సాకు సిద్ధం చేసుకుంది. హార్డ్ డిస్క్ పోయింది. ఎవరైనా నమ్ముతారు.

చర్చి హాల్లో డోరీన్, ఉజ్వల ఫ్రేమ్ కట్టించి తెచ్చిన 1984 ఫోటోని రెండు చేతులతో పట్టుకుంది.

"అబ్బ, ఎంత సన్నగా ఉండేవాడో." తర్వాత అడిగింది. "గడ్డం నెరిశాక తీసినవి? నాకు ఆ ముఖమే గుర్తు."

హార్డ్ డిస్క్ మాట నోటిదాకా వచ్చింది.

"లేవు," అంది ఉజ్వల. "ఫోటో తీసేటప్పుడు పక్కకి వెళ్లమనేదాన్ని. ప్రతిసారీ."

"తెలుసు హనీ. ఇంటికొచ్చి చెప్పేవాడు." డోరీన్ ఫోటో అద్దాన్ని వేలితో తుడిచింది. "నేను నిలబడితే ఆ అమ్మాయికి వెలుతురు రాకుండా అడ్డమవుతాను, అందుకని జరుగుతాను అనేవాడు. నీకు సాయం చేస్తున్నాననుకునేవాడు."

కోపంగా అన్నా బాగుండేది.

ఫోటోని బల్ల మీద నిలబెట్టారు. పిల్లలు, మనవలు దాని చుట్టూ చేరారు. ఫోటో తీయమని ఉజ్వలని అడిగారు. ఆమె కెమెరా ఎత్తింది. కుడి చివర, కాఫీ కప్పులు ఏరుతున్న ముసలాయన సగం ఫ్రేమ్‌లోకి వచ్చాడు. ఆమె ఎడమ చెయ్యి దానంతటదే లేచి, పక్కకి అన్నట్టు కదిలింది.

ఆయన రెండడుగులు వేశాడు.

ఉజ్వల కెమెరా దించింది. ఆయన్ని ఫోటోలోకి రమ్మని పిలిచింది.

"పర్వాలేదమ్మా, మీరు కానివ్వండి," అని ఆయన కప్పులతో ఫ్రేమ్ బయటే నిలబడ్డాడు. అందరూ ఆమె వైపు చూస్తూ నవ్వు ముఖాలతో ఆగారు.