మూడు తాళాల పెట్టె

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. డెబ్బైల మొదట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి, పంచాయతీల పద్దులు తనిఖీ చేసే ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పాతికేళ్ళు నిండలేదు గానీ కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. శేరిలింగంపల్లిలో రైలు దిగి, కిరాయి సైకిలు తీసుకుని, రాయదుర్గం గుట్టల పక్కగా ఊళ్ళు తిరిగేవాణ్ణి. దారి పొడుగునా బండలూ, సీతాఫలం చెట్లూ.

ఆ గుట్టల వెనక ఒక ఊళ్ళో బావి తవ్వుతున్నారు. చివరి వాడకు నీళ్ళు లేవు. ఆడవాళ్ళు పక్క ఊరి తోట దాకా నడిచి బిందెలు మోసుకొచ్చేవారు. బావి ఖర్చులో సగం సర్కారు ఇచ్చింది, సగం ఊరు చందా వేసుకుంది. రెండూ కలిపి సర్పంచి ఇంట్లో ఒక టేకు పెట్టెలో దాచారు. పెట్టెకు మూడు తాళాలు. ఒక తాళంచెవి సర్పంచి దగ్గర, ఒకటి కుమ్మరి పెద్దాయన దగ్గర, మూడోది చివరి వాడలో భర్త పోయిన ఒక పెద్దామె దగ్గర. ఆమె నోటికి ఊరంతా జడిసేది. చెవి ఆమెకిచ్చింది అందుకేనట.

వారం వారం జరిగే అంగడికి ముందురోజు ముగ్గురూ కలిసి చావడి అరుగు మీద ఆ పెట్టె తెరిచేవారు. బండ కొట్టేవాళ్ళకి ఎంతిస్తున్నారో అందరికీ వినపడేలా చెప్పి ఇచ్చేవారు. తనిఖీకి వెళ్ళిన రోజు నేను చూస్తుండగానే మేస్త్రీ బండ పేల్చిన ఆరు మందు తూటాలకి డబ్బడిగాడు. పెద్దామె లేచింది.

"చప్పుడు నేను లెక్క పెట్టిన. ఐదే ఇనొచ్చినయి. ఆరోది ఏడ పేల్చినవ్‌రా, నీ ఇంట్లనా?"

చావడంతా నవ్వింది. మేస్త్రీ ఐదింటికే తీసుకుని తల గోక్కుంటూ పోయాడు. నేనూ నవ్వాను. నవ్వి, కలం తీసి రాశాను: ప్రభుత్వ ధనం ఖజానా బయట ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉంచడం నిబంధనలకు విరుద్ధం, వెంటనే జమ చేయవలెను. ఊరి చందా కూడా అందులోనే కలిసి ఉంది కాబట్టి మొత్తం జమ చేయమన్నాను.

సర్పంచి ఆ కాగితం చదివించుకుని పరేషానయ్యాడు. "సారూ, ఖజానల ఏస్తె మల్ల మా చేతికొస్తదా?"

"ఎందుకు రాదండీ? బిల్లు పెట్టుకోండి, వస్తుంది. సర్కారు ఎక్కడికి పోతుందండీ!"

"అండీ అండీ అనుకుంటనే పెట్టె గుంజుకుంటున్నవు గద సారూ" అంది పెద్దామె. మళ్ళీ అందరూ నవ్వారు. సర్పంచి ఆ వారంలోనే డబ్బు తీసుకెళ్ళి కట్టేశాడు.

తర్వాతి సంగతి నాకు ఆఫీసులో కాగితాల మీద తెలిసింది. బిల్లు కావాలంటే ఇంజనీరు వచ్చి బావి కొలవాలి. మార్చి నెలలో ఆయనకి ఊపిరాడదు, ఆఖరి వారంలో గానీ రాలేదు. బిల్లు ఖజానాకి చేరింది ముప్పై ఒకటిన. ఒక సంతకం తక్కువుందని వెనక్కి తిప్పారు. తెల్లారితే కొత్త ఆర్థిక సంవత్సరం. సర్కారు వాటా మురిగిపోయింది, దాంతో కలిపి కట్టిన ఊరి చందా కూడా అక్కడే ఇరుక్కుంది. మళ్ళీ మంజూరు కావాలంటే మళ్ళీ మొదటి నుంచీ అర్జీలే. ఎవడూ పైసా తినలేదు. అందరూ రూలు ప్రకారమే చేశారు. ఎవరినీ తిట్టలేక నాకు ఒళ్ళు మండింది. తిట్టదగ్గవాణ్ణి నేనేనని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

మరుసటి వేసవిలో అదే ఊరికి వెళ్ళాను. బావి సగంలో ఆగి ఉంది. అడుగున బండ, దాని మీద ఎండుటాకులు. నా పాత ఆక్షేపణ కొట్టేయాలంటే పెట్టెలో డబ్బు లేదని కళ్ళారా చూసి రాయాలి. తెరవమన్నాను.

"ముగ్గురుండాలె సారూ" అన్నాడు సర్పంచి.

"ఖాళీ పెట్టేగా! తెరవండి."

"కట్టుబాటు కట్టుబాటే సారూ. ఆమె నీళ్ళకు పోయింది, జర కూసోండ్రి."

కూర్చున్నాం. కుమ్మరి పెద్దాయన చేతికి అంటిన మట్టితోనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి పెద్దామె నెత్తిన బిందెతో వచ్చింది. బిందె దింపి, ముందు నాకే చెంబుతో నీళ్ళిచ్చింది. వద్దనాలనిపించింది. సైకిలు తొక్కి వచ్చిన దాహం, తాగేశాను. సిగ్గేసింది.

ఆమె కొంగుముడి విప్పి చెవి తీసింది. ఒకటి తర్వాత ఒకటి మూడు తాళాలూ తీశారు. లోపల ఖజానా రసీదు ఒక్కటే ఉంది.

"మంచిగ చూసుకోండ్రి సారూ. మల్ల ఏమన్న రాస్తరు."

పెట్టెలో నిల్వ లేదని, ఆక్షేపణ ఉపసంహరించడమైనదని రాసి సంతకం పెట్టాను.

"ఇగ మా తప్పేం లేదు గద సారూ?" అన్నాడు సర్పంచి. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"మీ తప్పేం లేదండీ" అన్నాను.

ముగ్గురూ రసీదు లోపల పెట్టి మూడు తాళాలూ వేశారు. పెద్దామె బిందె నెత్తికెత్తుకుని ఇంటికి పోయింది.