రెడ్డెమ్మత్త ఐదు ముంతలు

ఈ ఉదయం కుప్పంలో మా వంటింట్లో పెరుగు గిన్నె మూత తీయగానే ఆ పులుపు వాసన ముక్కుకు తగిలి, రెడ్డెమ్మత్త గుర్తొచ్చింది. పుంగనూరులో మా పక్కింటావిడ. పెళ్లిళ్లకు పెరుగు పోసేది. నేను సూక్ష్మజీవుల గురించి చదివింది మదనపల్లె కాలేజీలోనే అయినా, నేర్చుకున్నది మాత్రం ఆవిడ దగ్గరే.

ఆవిడ గూట్లో ఐదు ముంతలుండేవి, ఐదు ఊళ్ల నుంచి తెచ్చుకున్న తోడుతో. దేని గరిటె దానిదే. కాలేజీ రోజుల్లో ఒకసారి, సాయం చేస్తున్నాననుకుని గంగవరం తోడును ఇంకో ముంతలోకి ఒంపేశాను.

"యాల కలిపితివి మే?" అని అరిచింది.

"అన్నీ తెల్లగానే ఉండాయి గదత్తా!"

"నువ్వూ మీ చెల్లెలూ ఒకే మాదిరి ఉండారని, నీ పరీక్షకు దాన్ని పంపితే సరిపోతాదా?"

ఆ రెండు ముంతలనూ కడిగించి, నన్ను బస్సెక్కించి రెండూళ్లకూ పంపింది. ఒళ్లో ముంతలు పెట్టుకుని ఏడుపుముఖంతో తిరిగొచ్చాను. ఆ ఎండాకాలమే ఒక పెళ్లికి ముందు నాలుగు ముంతల పెరుగు తీగలు సాగింది. గంగవరం తోడు ఒక్కటే గట్టిగా తోడుకుంది. "సూస్తివా అమ్మీ! ఏది ఎప్పుడు పనికొస్తాదో మనకేం తెలుసు?" అంది.

చాలా ఏళ్లకు ధ్రువ సముద్రానికి వెళ్లే పరిశోధన ఓడలో నాకు చోటు దొరికింది. తిరుగు ప్రయాణానికి ముందు ఫ్రీజర్ నిండిపోయింది, మూడు చోట్ల పట్టిన సముద్రపు నీళ్ల సీసాలకు చోటు లేదు. "మూడు చోట్ల నీళ్లలోనూ అవే జీవులు కదా, ఒకే సీసాలో పోసేయండి" అన్నారు మా బృందం పెద్ద. నిజమే, మైక్రోస్కోపులో అన్నీ ఒకేలాంటి చుక్కలు. ఎదురు చెబితే మళ్లీ ఓడెక్కనివ్వరేమోనని భయం. అయినా "కలపను సార్" అనేశాను. పెట్టెలన్నీ విప్పి, వేళ్లు కొంకర్లు పోతున్నా మళ్లీ సర్ది, ఆ సీసాలకు చోటు చేశాను.

తిరిగొచ్చాక జన్యువులు చదివితే, కంటికి ఒకటిగా కనిపించిన ఆ చుక్కల్లో ఎన్నో వేర్వేరు వంశాలు బయటపడ్డాయి. ఒక సీసాలోనైతే మిగతా రెండింట్లో జాడే లేని వంశం ఉంది. కలిపేసి ఉంటే అది ఎక్కడిదో ఎప్పటికీ తెలిసేది కాదు. "నువ్వే గెలిచావమ్మా!" అని ఆ పెద్దాయనే అందరి ముందూ చప్పట్లు కొట్టారు. సంతోషం పట్టలేక వెంటనే పుంగనూరు బస్సెక్కాను.

అత్త అంతా విని, "ఆ సముద్రంలో ఎన్ని ముంతలుండాయి?" అని అడిగింది.

"లెక్కే లేదత్తా."

"మరి ఈడ యాల కూర్చోనుండావు? పో!"

మళ్లీ వెళ్లాను, రెండుసార్లు. ఇప్పుడు అత్త లేదు. ఆవిడ తోడు మాత్రం మా ఫ్రిజ్‌లో ఐదు గిన్నెల్లో ఉంది. కూరగాయలకు చోటు లేదని మా ఆయన రోజూ సణుగుతాడు, అన్నీ ఒక గిన్నెలో పోయరాదా అంటాడు.

కలపను.