ఊఁ కొట్టడానికి వచ్చినవాళ్ళు

మా అమ్మాయి బడి నుంచి వానలో తడిసొచ్చి ఉన్ని కోటు గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద పడేసినప్పుడల్లా ఆ తడి ఉన్ని ఆరే వాసనకి నాకు ఒళ్ళు మండుతుంది. దాని మీద కేకలేస్తాను. అది "ఇట్స్ ఓన్లీ ఎ కోట్, మామ్" అని మెట్లెక్కి పోతుంది. దానికేం తెలుసు? అది ఐర్లండ్‌లో ఓ మూల ఉన్న కాజిల్‌బార్‌లో నా చిన్నప్పటి లైబ్రరీ వాసన. అక్కడ నేనొక పాడుపని చేశాను.

రిసెషన్ రోజులవి. ఇళ్ళు కట్టే పనులు ఆగిపోయి, మా క్లాసులో పిల్లల నాన్నలు పొద్దున్నే వచ్చి తడికోట్లు ఆరేసుకుని లైబ్రరీలో వెచ్చగా కూర్చుని, చదివిన పేపరే మళ్ళీ చదివేవారు. క్లాసులో నెలకో బెంచీ ఖాళీ అయ్యేది. ఎక్కడికెళ్ళారని ఎవరిని అడిగినా ఆస్ట్రేలియా అనేవారు. లైబ్రరీలో ముగ్గురు పనిచేసేచోట నోరా ఒక్కతే మిగిలింది. మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, మోచేతుల దగ్గర చిరుగులు కుట్టుకున్న ఆకుపచ్చ స్వెటరు, తలుపు తీసుకుని ఎవరొచ్చినా వాళ్ళకోసమే ఎదురుచూస్తున్నట్టుండే మొహం. ఏ పిల్లకి ఏ పుస్తకం నచ్చుతుందో కనిపెట్టి, పేరు రాసిన చీటీ పెట్టి బల్ల కింద దాచేది. అమ్మా నాన్నా ఇద్దరూ ఆసుపత్రి డ్యూటీల్లో ఉండేవాళ్ళు కాబట్టి బడి వదిలాక నా సాయంత్రాలన్నీ ఆవిడ దగ్గరే గడిచేవి.

మునుపు డబ్లిన్ నుంచి రచయితలు వచ్చి చదివేవారు, ఫ్లాస్కుల్లో టీ, బిస్కట్లు ఉండేవి. ఇప్పుడు వాళ్ళని పిలిపించే స్తోమతు లేదు. అందుకని నోరాకి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో ఎన్ని దేశాలవాళ్ళున్నారో! నెలకో ఇంటివాళ్ళు వచ్చి, వాళ్ళ ఇంట్లో చెప్పుకునే కథ వాళ్ళ భాషలోనే చెప్పాలి, టేపు మీద పట్టి లైబ్రరీలో ఉంచాలి. మొదటి శనివారం మా అమ్మమ్మది.

అమ్మమ్మ కోనసీమ నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. చీర మీద నాన్న పాత కోటు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని, ఆ మేజోళ్ళతోనే చెప్పుల్లో కాలు దూర్చి, చలికి గొణుక్కుంటూ రోజూ నన్ను తీసుకెళ్ళడానికి లైబ్రరీకి వచ్చేది. నోరాకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు, అయినా ఇద్దరికీ ఇట్టే కుదిరిపోయింది. అట్లతద్దికి వేసిన అట్లు రేకు కాగితంలో చుట్టి తీసుకెళ్ళింది అమ్మమ్మ. హాలోవీన్‌కి నోరా ఎండుద్రాక్ష రొట్టె వెన్న రాసి పెడితే, "బావుందండీ నోరమ్మగారూ, కాస్త యాలక్కాయి పడాల్సింది, ఆయ్" అంది. మధ్యలో దుబాసీని నేను. అదే కొంప ముంచింది.

అమ్మమ్మకో నియమం. కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే టక్కున ఆపేసి, "గోడలకి చెప్పను నేను" అనేది. ఒక లంకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ, రోజూ పెంకు పట్టుకుని ఆమె గుమ్మంలోకి నిప్పుకోసం వచ్చే నక్క, ఇదీ కథ. నోరా బల్ల దగ్గర రుచి చూపించడానికన్నట్టు సగం చెప్పి, "మిగతాది శనివారమండీ" అని ఊరించింది. నోరా అంతదాకా ఊఁ కొడుతూనే ఉంది. పేపరు చదివే నాన్నలకి కూడా నేర్పింది. పెద్దపెద్ద మగవాళ్ళు బుద్ధిగా ఊఁ అనడం ప్రాక్టీసు చేస్తుంటే అమ్మమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతగా నవ్వడం ఈ దేశంలో అదొక్కసారే చూశాను.

శుక్రవారం బడి గోడ మీద అమ్మమ్మ ఫొటోతో, రేపు లైబ్రరీకొచ్చి ఊఁ కొడుతూ కథ వినండని కాగితం అంటించారు. చీర, కోటు, మేజోళ్ళు అన్నీ కనిపిస్తూ. ఈఫా అనే పిల్ల ఆవు అరిచినట్టు "ఊఁఁ" అంది. క్లాసంతా అందుకుంది. నేనూ నవ్వాను. అదీ నా బతుకు.

ఇంటికెళ్ళి చెప్పాను: "అమ్మమ్మా, రేపు లైబ్రరీ లేదంట. రిసెషన్."

ఆ రోజుల్లో ఆ మాటకి ఎదురులేదు. దేనికి చెప్పినా చెల్లేది. డ్యూటీ నుంచొచ్చిన అమ్మ కూడా, "పోన్లే, పాపం" అంది.

ఉతికి మడత పెట్టుకున్న జరీ చీర అమ్మమ్మ మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "నోరమ్మగారి ఉద్యోగం ఉందో ఊడిందో" అని దేవుడికి దీపం పెట్టి, ఆవిడ పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంది. నేను పక్కనే కూర్చుని టీవీ చూశాను. నాలుగురోజుల్లో అమ్మమ్మ తిరుగు ప్రయాణం. ఆ నాలుగురోజులూ జ్వరమనీ, వాననీ ఏవో చెప్పి లైబ్రరీ వైపు వెళ్ళనివ్వలేదు. మళ్ళీ రాలేదు అమ్మమ్మ. ఆ పై ఏడాది కన్నుమూసింది.

తర్వాత వారం నోరా, "మీ అమ్మమ్మ బావుందా?" అని మెల్లిగా అడిగింది.

"తనకి ఇష్టం లేదంది" అన్నాను.

"గ్రాండ్, గ్రాండ్" అని ఆ ఊరివాళ్ళ పద్ధతిలో సరేలే అంటూ ఆవిడ బల్ల కిందనుంచి నా చీటీ ఉన్న పుస్తకం తీసి చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఇప్పుడు నేను డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో ఉంటున్నాను. నక్క నిప్పెందుకు పట్టుకెళ్ళిందో అమ్మకీ తెలీదు. చిన్నప్పుడు అమ్మమ్మ చెబుతుంటే తను సగంలోనే నిద్రపోయేదట. పోయిన నెల కాజిల్‌బార్ వెళ్ళాను. లైబ్రరీలో పుస్తకాలు మిషనే ఇచ్చి మిషనే పుచ్చుకుంటోంది. పేపర్లు చదివే నాన్నలు లేరు, బల్లా లేదు. అడిగి అడిగి నోరా ఇంటికెళ్ళాను. బాగా వంగిపోయింది. వాళ్ళు ప్రెస్ అనే వంటింటి అలమారలోంచి కప్పులు తీసి టీ పోసింది. అంతా చెప్పేశాను, పొల్లు పోకుండా.

ఆవిడ పాలగిన్నె నా వైపు జరిపింది. తిడితే బావుండుననిపించింది.

"ఆ రోజు నలభైమంది దాకా వచ్చారు. నాలుగింటిదాకా కూర్చున్నారు. నేను ఊఁ నేర్పించి ఆవిణ్ణి వెక్కిరించినట్టయిందేమో, పెద్దావిడ మనసు నొప్పించానేమో అనుకున్నాను" అంది.

"తర్వాత నెల ఎవరిది?" అన్నాను.

"బేకరీలో చేసే పోలండ్ అబ్బాయి వాళ్ళమ్మది. ఆ తర్వాత నైజీరియా నర్సు ఒకామె. వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి పెట్టుకున్నాను." కప్పు కింద పెట్టింది. "మరి పంపలేదమ్మా. ఇంకో ముసలమ్మని నొప్పించే ధైర్యం లేక."

ఇన్నేళ్ళూ నేను చెడగొట్టింది ఒక్క శనివారమే అనుకున్నాను.