తడిగుడ్డ కట్టిన ఎనిమిది సిలిండర్లు

ఒమాన్‌లో మా జేబులో ఎప్పుడూ ఉండాల్సిన గుర్తింపు కార్డును బతాకా అంటాం. నా బతాకా మీద వృత్తి అన్నచోట 'హెల్పర్' అని ఉండేది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. జగిత్యాలలో పదేళ్లు పాత టాక్సీల షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించిన చేయి నాది. టాక్సీలు పోయి షెడ్డు మూతబడితే ఏజెంటు చూపించిన వీసా పట్టుకొని వచ్చాను. ఆ వీసా సెంట్రింగ్ హెల్పర్‌ది. అల్ అమెరాత్‌లో రెండేళ్లు ఎండలో ప్లైవుడ్ మోశాను. మేస్త్రీ నన్ను 'ఏయ్' అని పిలిచేవాడు. నేను లోపల వాడిని అంతకన్నా ఘోరంగా పిలుచుకునేవాణ్ని.

ఒకరోజు సైట్‌లో కాంక్రీటు మిక్సర్ ఆగిపోయింది. నలుగురు నాలుగు మాటలు చెప్పి పక్కకు తప్పుకున్నారు. నాకు ఆగలేదు, పానా తీసుకొని కూర్చున్నాను. అరగంటలో మిక్సర్ తిరిగింది. తల ఎత్తి చూస్తే మా అర్బాబ్ నిలబడి ఉన్నాడు. అర్బాబ్ అంటే యజమాని. మాది చిన్న కంపెనీ, ఆయనే ఓనరు. తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద సిమెంటు చుక్క పడకుండా నడిచే మనిషి. అమెరికా కార్ల మీద ఎప్పుడైనా పనిచేశావా అని హిందీలో అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బహుత్" అన్నాను.

పచ్చి అబద్ధం. అమెరికా కారును నేను టీవీలో తప్ప చూసి ఎరుగను.

మరుసటి శుక్రవారం నన్ను బర్కాలోని తన ఖర్జూర తోటకు తీసుకెళ్లాడు. తోట చివర రేకుల షెడ్డు, దాని పక్కన చెట్ల కింద ఒక కారు. రెండే తలుపులు. ముందు భాగం మంచమంత పొడుగు. పైన మేకలు ఎక్కీ దిగీ టాపు సొట్టలు పడింది. లోపల కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. ఆయన తండ్రి కొన్న బండి అట. దానితో పాత కార్ల పోటీలో దిగాలని ఆయన కోరిక. గెలవకపోయినా పోటీలో ఆఖరి రౌండు దాకా నిలబడాలి, తండ్రి కారు ఇంకా బతికే ఉందని ఊరు చూడాలి, అంతే. ఆ పని చేసి పెడితే నా బతాకా మీద 'మెకానిక్' అని రాయిస్తానన్నాడు. ఇక చూడండి నా ఉత్సాహం! పరుగున వెళ్లి తలుపు తెరిచి సీట్లో కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్ లేదు. అది ఎడమవైపు ఉంది. ఒమాన్‌కు వచ్చాక నేను స్టీరింగ్ ముట్టిందే లేదు, మన టాక్సీ అలవాటు కొద్దీ కుడి తలుపు తెరిచాను. ఏదో చూస్తున్నట్టు కాసేపు డాష్‌బోర్డు తడిమి దిగాను. అర్బాబ్ నన్ను ఒకసారి చూసి, షెడ్డు తాళం నా చేతిలో పెట్టాడు.

తర్వాతి ఏడు నెలలు నా జీవితంలో మంచి నెలలు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను మొదటిసారి విప్పినప్పుడు భయపడ్డాను, ఒప్పుకుంటాను. కానీ విప్పాక తెలిసింది, అదీ ఇంజనే. మా టాక్సీకి నాలుగు ఉంటే దీనికి ఎనిమిది, అంతే తేడా. అర్బాబ్ షరతు ఒక్కటే: తుక్కులో దొరికేది కొత్తది కొనకూడదు. రేడియేటర్ సోహార్ తుక్కు యార్డులో ఒక లారీ నుంచి వచ్చింది. బ్రేకులు పికప్ బండివి. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, పాత ఏసీ అన్నీ పీకేసి బరువు తగ్గించాం. సొట్టలు తీసేవాడు ఒక పాకిస్తానీ భాయ్. మేకల గిట్టల గుర్తులను సుత్తితో సరిచేస్తూ, మేకలను వరస పెట్టి తిట్టేవాడు. ఇంజన్ మొదటిసారి మోగిన సాయంత్రం తోటలో కోళ్లన్నీ ఎగిరి గోడ దూకాయి. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు దాచాలి, ఏడ్చాను.

ఆ సంతోషంలోనే మొదటి తప్పు చేశాను. పోటీ కారు లోపల ఇనుప పైపుల పంజరం ఉండాలి, కారు బోల్తా పడితే నడిపేవాణ్ని కాపాడటానికి. రెండేళ్లు సైట్‌లో ఎండిన బుర్ర కదా, నాకు పైపు అంటే పరంజా పైపే. నాలుగో అంతస్తులో మనుషుల్ని మోసే పైపు ఒక్క కారును మోయదా అనుకున్నాను. కంపెనీ గోదాములోంచి పరంజా పైపులు తెచ్చి కోసి, వంచి, బ్రహ్మాండంగా వెల్డింగ్ చేశాను. ముందస్తు తనిఖీకి పోటీ మైదానానికి కారును తీసుకెళ్తే, తనిఖీ చేసే పెద్దాయన పైపును వేలితో తట్టాడు. అతుకు పైపు, గుద్దుకుంటే చీలిపోతుంది అన్నాడు. తర్వాత అర్బాబ్ వైపు తిరిగి, కారు కట్టారా బిల్డింగ్ కట్టారా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. అర్బాబ్ మొహం ఎర్రబడింది. షెడ్డు ముందు కారు దిగుతూ ఒకే మాట అన్నాడు.

"ఏక్ గల్తీ ఔర్, ఫిర్ తుమ్ అమెరాత్ సైట్."

ఇంకొక్క తప్పు చేస్తే మళ్లీ ప్లైవుడ్డే. పంజరాన్ని అతుకులేని మందపు పైపుతో భాయ్, నేను కలిసి మళ్లీ కట్టాం. తనిఖీ పెద్దాయన ఈసారి తట్టి తలూపాడు. కానీ ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. నన్ను సైట్‌వాడు అని ఎవ్వడూ అనకూడదు. ఆ పౌరుషంతో రెండో తప్పు చేశాను. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు తెచ్చే పాత గొట్టం మసిపట్టి, ఇంజన్‌కు దూరంగా అడుగున వంకర టింకరగా పోయేది. దాన్ని తీసి పారేసి, తళతళలాడే రాగి గొట్టం వేశాను, బానెట్ ఎత్తగానే కంటికి కనబడేలా ఇంజన్ పక్క నుంచి తిన్నగా. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారే, అదీ నా వేషం. అర్బాబ్ చూసి మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయాను.

పోటీ రోజు వచ్చింది. అది ఆ సీజన్‌లో ఆఖరి పోటీ, అప్పటికే ఎండలు ముదిరాయి. ఒక్కో కారు విడిగా, వరసగా పెట్టిన రబ్బరు కోన్‌ల మధ్య తిరిగి రావాలి. పోటీ గడియారంతో. ఒక్కొక్కరికి మూడు రౌండ్లు, వాటిలో మంచిది లెక్క. అర్బాబ్ ఇల్లంతా చూడటానికి వచ్చింది. వాళ్లింట్లో వంటచేసే కడప అక్క కూడా అన్నం గిన్నెలతో, పెరుగు డబ్బాతో వచ్చి టెంటు కింద కూర్చుంది. పొద్దున కారు వివరాల కాగితం నింపేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మెకానిక్ పేరు అన్న గడిని అర్బాబ్ ఖాళీగా వదిలేశాడు. నేను చూశానని ఆయనకు తెలుసు.

మొదటి రౌండు పొద్దున చల్లగా ఉన్నప్పుడు. కారు గర్జించుకుంటూ పోయి వచ్చింది. రెండో రౌండు నడి మధ్యాహ్నం. ముందు పది కార్లు, ఇంజన్ ఆపకుండా ఎండలో వరసలో నిలబడాలి. మా వంతు వచ్చింది, అర్బాబ్ యాక్సిలరేటర్ తొక్కాడు, కారు రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. నేనూ భాయ్ కలిసి అంతమంది ముందు దాన్ని వెనక్కి నెట్టుకొచ్చాం. రెండో రౌండు పోయింది. అర్బాబ్ హెల్మెట్ తీసి సీటు మీద పెట్టి, నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

బానెట్ ఎత్తగానే నాకు అర్థమైంది. రాగి గొట్టం పట్టుకుంటే చేయి కాలింది. ఇంజన్ వేడికి అందులో పెట్రోలు ఆవిరైపోతోంది. పెట్రోలును లాగే పంపు గాలిని లాగుతూ కూర్చుంది. ఈ రోగం నాకు కొత్తా? మా టాక్సీలన్నిటికీ ఉగాది దాటితే ఇదే రోగం. షెడ్డులో నాకు పని నేర్పిన మా ఉస్తాద్ మందు కూడా ఒకటే: పంపుకు, గొట్టానికి తడి గోనెసంచి చుట్టడం. ఎక్కినవాళ్లు నవ్వేవాళ్లు, బండికి లుంగీ కట్టారేంది అని. నాకు సిగ్గేసేది. ఉస్తాద్ పట్టించుకునేవాడు కాదు. "బండికి సిగ్గుండదు బిడ్డా. నడుస్తదా, నడ్వదా, గంతే," అనేవాడు. గల్ఫ్‌కు వచ్చేటప్పుడు, ఇక జన్మలో ఇంజన్‌కు గుడ్డ కట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మందు తెలిసీ బానెట్ ముందు చేతులు కట్టుకొని నిలబడింది అందుకే. పైపును ఎగతాళి చేసిన ఆ పెద్దాయనే మళ్లీ తనిఖీ చేయాలి. ఈసారి గుడ్డ చూసి ఏమంటాడో!

కడప అక్క అన్నం ప్లేటు తెచ్చి, నా మొహం చూసి, కారు చూసి నవ్వింది.

"ఏమబ్బా, కారుకు జొరమొచ్చిందా? జొరమొస్తే తడిగుడ్డ ఏచ్చారు గానీ, నీ మాదిరి మొగం ఏలాడేసుకోని నిలబడతారా?"

సరదాకే అంది పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మా ఉస్తాదే కడప యాసలో మాట్లాడినట్టు ఉంది. టెంటు వైపు చూశాను. ఆమె పెరుగు డబ్బాకు పాత నూలు చీర ముక్క తడిపి చుట్టి పెట్టింది.

"అక్కా, ఆ గుడ్డ జర నాకియ్యి."

పెరుగు పులిస్తే అర్బాబ్ వాళ్లమ్మ తనని అంటుందని గొణిగింది. పులిస్తే ఆ మాట నేను పడతానన్నాను. ఇచ్చింది. ఆ గుడ్డ పట్టుకొని నేరుగా అర్బాబ్ దగ్గరికి వెళ్లాను. ముందు ఒప్పుకోకుండా ఆ గుడ్డ కట్టడం నా వల్ల కాలేదు. ఉన్నదంతా కక్కేశాను. అమెరికా కారు నేనెప్పుడూ ముట్టలేదు, పదేళ్లూ టాక్సీలే. రాగి గొట్టం నా తప్పు, గొప్ప కోసం వేశాను. ఇది టాక్సీల మందు, చూడటానికి బాగుండదు, కానీ పనిచేస్తుంది. ఒప్పుకుంటే కడతా, లేకపోతే ఇప్పుడే అమెరాత్ బస్సెక్కుతా.

ఆయన గుడ్డను చూశాడు, నన్ను చూశాడు.

"మాలూమ్ హై," అన్నాడు. "పహలే దిన్ సే."

మొదటి రోజు నుంచీ తెలుసట. ఆ తోటలో నేను స్టీరింగ్ కోసం కుడి తలుపు తెరిచినప్పుడే తెలిసిపోయిందట. అమెరికా కార్లు తెలిసినవాడు ఆ పని చేయడు కదా. మరి ఎందుకు ఉంచుకున్నారని అడిగాను. మిక్సర్ తిరిగింది కదా అన్నాడు. గుడ్డ పట్టుకొని కారు దగ్గరికి పరుగెత్తాను.

గుడ్డను పంపుకు, రాగి గొట్టం పొడుగునా చుట్టి, ఫ్యాన్‌కు అందకుండా తీగతో కట్టాను. తనిఖీ పెద్దాయనను నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. పూలపూల చీర ముక్కను చూసి ఆయన మీసాలు కదిలాయి. గుడ్డను లాగి చూశాడు, తీగ లాగి చూశాడు. ఊడదని తేలాక, వెళ్లమని చేయి ఊపాడు. నవ్వితే నవ్వాడు, పోనీ. వరసలో మా ముందు ఎనిమిది కార్లు. నేను సీసాతో నీళ్లు పట్టుకొని కారు వెంబడి నడిచాను. బండి ఒక అడుగు కదిలితే నేను ఒక అడుగు, గుడ్డ ఆరితే కాసిని నీళ్లు. జనం చూస్తున్నారు, ఫోన్లలో తీస్తున్నారు. చూసుకోండి! మీకేమన్నా ఉచితంగా తమాషా కావాలంటే ఇదిగో!

బానెట్ మూశాను. జెండా పడింది.

ఆ కారు వెళ్లిన తీరు చెప్పడం నా వల్ల కాదు. మేకలు తొక్కిన టాపు, లారీ రేడియేటర్, పికప్ బ్రేకులు, కడప చీర, అన్నీ కలిసి ఒక్క గొంతుతో అరుచుకుంటూ కోన్‌ల మధ్య తిరిగాయి. ఆఖరి మలుపులో వెనక భాగం పక్కకు జారింది. నా ప్రాణం జారిపోయింది. అర్బాబ్ దాన్ని సరిచేసుకొని గీత దాటాడు. ఇంజన్ ఆగలేదు. గీత దాటాక కూడా ఆగలేదు. పాత కార్లలో రెండో స్థానం. ఫస్ట్ రాలేదా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు ఉంది గానీ, ఇక్కడ రాయడానికి బాగుండదు. భాయ్ నన్ను ఎత్తుకొని గిరగిరా తిప్పాడు. అర్బాబ్ వాళ్లమ్మ కారు ముందు భాగాన్ని చేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడింది.

ఫలితాల బల్ల దగ్గర తనిఖీ పెద్దాయన మా కాగితం తీసి, ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. మెకానిక్ ఎవరని అడిగాడు. అర్బాబ్ జేబులోంచి పెన్ను తీసి ఆగాడు. ఏడు నెలలు కలిసి పనిచేశాం, అయినా ఆయనకు నా పూర్తి పేరు తెలియదు. అడిగాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. అంత పొడుగు తెలుగు పేరును, ఒక్క ముక్క వదలకుండా, కుడి నుంచి ఎడమకు నింపాదిగా రాశాడు. అరబ్బీ నాకు చదవడం రాదు. అయినా అది నా పేరే.

ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు; కొత్త బతాకా కోసం ఆదివారం ఆఫీసు తెరవగానే వెళ్దామన్నాడు. వెనక నుంచి కడప అక్క, తన గుడ్డ ఎక్కడని అడుగుతోంది. అది ఇక కారుదని చెప్పాను.