శాంతి సలహాదారు రెండో తుమ్ము

ఓ యుద్ధం నా మూలంగానే మొదలైందంటే మీరు నవ్వుతారు. నిన్న సాయంత్రం మా అత్తగారు మాత్రం నవ్వలేదు!

మా ఖాదర్ తెలుసుగా, పెళ్లి వీడియోలు తీస్తాడు. ఇప్పుడు లోకల్ కేబుల్ చానల్‌కి సీరియల్ తీస్తున్నాడు. ఓ దేశాధ్యక్షుడు, చుట్టూ సలహాదారులు. ఒకడు విమానాలు పంపమంటాడు, ఇంకొకడు ఓడలు పంపమంటాడు, అందరూ కలిసి యుద్ధాన్ని ఎగదోస్తూనే ఉంటారు. వద్దనేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేను! శాంతి మీద పేజీన్నర డైలాగు. ట్యుటోరియల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి? వారం రోజులు బాత్‌రూమ్‌లో అదే అరిచాను. మార్టూరులో ఉన్న అత్తగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. పెళ్లయిన ఆరేళ్లలో ఆవిడ నన్ను ఒక్కసారన్నా మెచ్చుకోలేదు. ఈ దెబ్బతో మెచ్చుకుని తీరాలి అనుకున్నా.

షూటింగ్ నల్లపాడు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో.

"అక్కడేంట్రా?" అన్నాను.

"అధ్యక్షుడి వార్ రూమ్ అంటే కిటికీలు ఉండకూడదురా. పైగా మే నెలలో గుంటూరులో కోటు వేసుకుని ప్రాణాలతో ఉండే చోటు ఇంకోటి చూపించు!" అన్నాడు ఖాదర్.

నిజమే, చల్లగానే ఉంది. కానీ కప్పుదాకా మిరపకాయల బస్తాలే. ఆ ఘాటుకి అడుగు పెట్టగానే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి.

అధ్యక్షుడు మా శాస్త్రిగారు. హైస్కూల్లో తెలుగు మాస్టారు, మా వీధిలో ముహూర్తాలన్నీ ఆయనే పెడతారు. కెమెరా తిరిగింది. యుద్ధం కాగితం మీద సంతకానికి ఆయన పెన్ను ఎత్తారు. నేను లేచి "అయ్యా, ఒక్కసారి ఆలోచించండి" అని మొదలెట్టాలి. "అయ్యా" దాకా వచ్చింది. తర్వాత... హాచ్!

శాస్త్రిగారు పెన్ను కింద పెట్టేశారు. "ఒంటి తుమ్మండీ. కాసేపు కూర్చుందాం. మంచినీళ్లివ్వండి."

"మాస్టారూ, మీరు అధ్యక్షుడండీ!" ఖాదర్ మొత్తుకున్నాడు.

"అయితే మాత్రం? ఒంటి తుమ్ముకి పెళ్లిచూపులకే బయల్దేరం, యుద్ధానికి బయల్దేరతామా? జంట తుమ్ములైతే దోషం లేదు గానీ."

విమానాల సలహాదారు, ఓడల సలహాదారు ఎంత బతిమాలినా ఆయన పెన్ను ముట్టలేదు. నాకు లోపల ఒకటే ఆనందం!

ఖాదర్ నా మీద పడ్డాడు. "యుద్ధం ఆగిపోతే మిగతా పది ఎపిసోడ్లూ ఏం తీయమంటావురా? ఇంకోటి తుమ్ము!"

తుమ్మమంటే వస్తుందా? అప్పటిదాకా కారిన ముక్కు కూడా ఆగిపోయింది. అందరూ నా ముక్కు వంకే చూస్తున్నారు. ఆఖరికి ఖాదర్ ఓ ఎండుమిరపకాయ విరిచి నా ముక్కు కింద పెట్టాడు. ఆ తుమ్ముకి యుద్ధం కాగితం ఎగిరి కింద పడింది! శాస్త్రిగారు దాన్ని తీసుకుని, "శుభం" అంటూ చకచకా సంతకం పెట్టేశారు. తర్వాత నేను చెప్పిన పేజీన్నరా దగ్గుల్లో కొట్టుకుపోయింది.

నిన్న టీవీలో వచ్చింది. అత్తగారు పనిగట్టుకుని బస్సెక్కి వచ్చారు. చూద్దును కదా, నా డైలాగు మొత్తం ఖాదర్ కోసేశాడు! మిగిలింది ఇదీ: నేను లేచాను, తుమ్మాను. అధ్యక్షుడు ఆగిపోయాడు. మళ్లీ తుమ్మాను. సంతకం. బాంబులు!

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు.

"మొదటి తుమ్ముతో యుద్ధం ఆపేశారు కదా, మా అల్లుడెంత గొప్పవాడో అనుకున్నా. ఆ రెండోది కాస్త ఆపుకోకూడదా అల్లుడుగారూ?"

పోనీలెండి, మొత్తానికి ఆరేళ్లకి మెచ్చుకున్నారు. రెండు తుమ్ముల మధ్య కాసేపు!