డిసెంబరు స్వెటరు

డిసెంబరు ఒకటో తారీఖు వస్తే చాలు, మా డిగ్నాబాద్ చర్చిలో పాటలెత్తే పెద్దాయన ఉన్ని స్వెటరు తొడిగేవారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ నెలలోనూ ఉక్కపోతే. ఆయన సరిగ్గా ఫ్యాను కింద కూర్చుని, ఫుల్లులో పెట్టించుకునేవారు.

“ఎందుకంకుల్ ఇదంతా?” అని ఒకసారి అడిగాను.

“చలి ఎప్పుడొస్తాదో మనకి తెలీదు కదమ్మా. సిద్ధంగా ఉండాల.”

నిరుడు క్రిస్మస్ ముందు ఢిల్లీ వెళ్లి, స్వెటరు లేకుండా తిరిగొచ్చారు.

“స్టేషన్లో ఒక భయ్యా వణికిపోతన్నాడమ్మా, ఇచ్చేశాను. అతనికి సచ్‌ముచ్, నిజంగానే చలేసింది.”

ఆ ఆదివారం ఉత్త చొక్కాతోనే తన ఫ్యాను కింద కూర్చున్నారు. రెండో పాట మధ్యలో ఆపి నా వైపు తిరిగారు.

“అమ్మా, ఫ్యాను బంద్ చెయ్యి. చలేస్తంది.”

ఆపేశాను. మిగిలిన పాటలన్నీ మేం చెమటలు కక్కుతూ పాడాం.